బులాకీ పెట్టుకున్న బంగారి

గంగాలమ్మ పీతను చేత్తో తిరగేసి, పొట్ట మీది మూత చూసి ఆడదో మగదో చెప్పేస్తుంది. మూత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. సొరచేప అయితే తిరగెయ్యనక్కర్లేదు, గంప నెత్తిన పెట్టుకుని పక్కనుంచి వెళ్తూనే చెబుతుంది. ఈ విషయంలో ఆమెతో పందెం కాసే మొనగాడు ఫిషింగ్ హార్బర్‌లో ఇంకా పుట్టలేదు. అలాంటి మనిషిని రెండు టర్కీ కోళ్ళు మూడు చెరువుల నీళ్ళు తాగించాయంటే మీరు నమ్మరు. నేను కళ్ళారా చూశాను గనక చెబుతున్నాను.

నేను ఆ హార్బర్‌లోనే ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. పేరు కొండలరావు. చీపురుపల్లి వైపు వ్యవసాయం చేసుకునే ఇంట్లో, నాటుకోళ్ళ మధ్య పుట్టి పెరిగాను. గంగాలమ్మ ఇంటి మేడ మీద గదిలో అద్దెకుంటున్నాను. ఆమెను అప్పా అంటాను, మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. ఆమె భర్త పైడయ్య బోటు డ్రైవరు. అంచేత ఆయన నాకు బావ.

పరవాడ నుంచి దొరబాబు అనే కుర్రాడు టర్కీ పిల్లల్ని బుట్టలో వేసుకుని మా వీధికి వచ్చాడు. గంగాలమ్మ రెండు తీసుకుంది. వీటిలో పుంజు ఏదని ఊరికే అడిగాను.

“ఇప్పుడు సెప్పనేం అన్నా, పెరగాల” అన్నాడు దొరబాబు.

ఆమెకు రోషం వచ్చింది. “పీత పొట్ట సూసి సెప్పేదాన్ని, కోడిపిల్లని సూసి సెప్పనేనేటి?” అంది. అప్పుడే ఒక పిల్ల బొటనవేలంత తోకను విసనకర్రలా విప్పి, ఛాతీ పొంగించి నడిచింది. “అదిగో పుంజు! మూల నక్కింది సూడు, అది పెట్ట!” అని తేల్చేసింది. పిల్లలప్పుడు రెండూ తోక విప్పుతాయని దొరబాబు గొణిగాడు. విన్నదెవరు!

కొన్నాళ్ళకు తుఫాను హెచ్చరిక వచ్చింది. బోట్లన్నీ తిరిగొచ్చాయి, పైడయ్య బావ బోటు తప్ప. గంగాలమ్మ జెట్టీ మీద తిండీ నీళ్ళూ మానేసి కూర్చుంది. ఏడవలేదు. సముద్రం వైపు చేతులు జోడించి, “మా ఇంట్లో రెండున్నాయి తల్లీ. ఆట్లో పుంజు నీది. నా మనిసిని ఒడ్డుకి సేర్చు” అని మొక్కింది. ఇంజను చెడిపోయిన ఆ బోటును మర్నాడు ఇంకో బోటు లాక్కొచ్చింది. ఇంటికి రాగానే గంగాలమ్మ చేసిన మొదటి పని, తోక విప్పిన పిల్ల కాలికి పసుపు దారం కట్టడం. ఆ తల్లి గుడి ఒడ్డునే ఉంది. ఆమెకు పుంజునే బలి ఇవ్వాలి, పెట్టను ఇవ్వకూడదు. వేసవిలో చేపల వేట మీద ఉండే నిషేధం ముగిసి, బోటు మళ్ళీ కదిలేలోగా మొక్కు తీరాలి.

ఆ రోజు నుంచి ఆమె దారం కట్టినదాని వైపు సరిగా చూడలేదు. మేత వేసేది, నీళ్ళు పెట్టేది, దగ్గరికొస్తే “ఫో అవతలికి” అని అదిలించేది. పోయేదాని మీద మమకారం పెంచుకోవడం ఎందుకని నాతోనే అంది. ఆ ప్రేమంతా రెండోదాని మీద పెట్టింది. దానికి బంగారి అని పేరు. చేపముక్కలు ఒలిచి చేత్తో తినిపించేది. బంగారీ అని పిలిస్తే వీధి చివరినుంచి పరుగెత్తుకొచ్చి ఆమె చీర కొంగులో తల దూర్చేది.

వేసవి వచ్చేసరికి నాకు అనుమానం మొదలైంది. బంగారి ముక్కు మీది కండ సాగి సాగి, ముక్కు దాటి కిందికి వేలాడింది. మెడంతా ఎర్రటి బుడిపెలు తేలాయి. దారం కట్టినదానికేమో ముక్కు మీద చిన్న మొలకే, నెత్తి మీద ఇంకా నూగు.

“అప్పా, ఏటిది తేడాగా ఉంది?” అన్నాను.

“తేడా ఏటి? ఆడకూతురు బులాకీ పెట్టుకోదేటి? పగడాల దండ ఏసుకోదేటి?” అని నన్నే కసిరింది.

ఏం చెప్పను! ఆ పక్షికి మగతనం ముదిరేకొద్దీ ఆమె కంటికి పెళ్ళికూతురిలా కనిపించింది. నాటుకోడి లెక్కలు నాకూ పనిచెయ్యలేదు, రెండింట్లో ఒక్కటీ కొక్కొరోకో అనదు కదా. వీధి వీధంతా ముక్కున వేలేసుకుని చూసేది. పైడయ్య బావ వలలు బాగుచేసుకుంటూ, “పుంజు గుడ్డెడతాదా, పెట్టకి గెడ్డం మొలుత్తాదా, మీరే తేల్చండి” అని నవ్వేవాడు. నిజంగానే బంగారి ఛాతీ మీద నల్లటి వెంట్రుకల కుచ్చు మొలిచింది. కాళ్ళ వెనక ముల్లు పొడుచుకొచ్చింది. ఒక పొద్దున్న ఒళ్ళంతా పొంగించి, తల నీలంగా మారి, గొబగొబమని గొంతెత్తింది. గంగాలమ్మ గంప సర్దుకుంటున్నదల్లా ఆగిపోయింది. మళ్ళీ వంగి సర్దుకుంది.

నిషేధం ముగిసే ముందు పాత గంప కింద ఒక గుడ్డు దొరికింది. మీగడ రంగు మీద గోధుమ చుక్కలు. దాని మీద పొదిగినట్టు కూర్చుని ఉంది, కాలికి దారమున్న పక్షి. నేను పొంగిపోయి వీధిలోకి కేకేశాను. వెనక్కి తిరిగి గంగాలమ్మ మొహం చూశాక గానీ, మొక్కుకు పోవాల్సింది బంగారి అని నాకు తట్టలేదు.

“ఇంకో పుంజుని కొనేసి ఇచ్చేద్దామే” అన్నాడు పైడయ్య బావ మెల్లగా. “అమ్మోరికి ఏది ఇత్తేనేటి?”

“మా ఇంట్లో రెంటిలో పుంజు అన్నాను. తల్లి నిన్ను ఇచ్చేసినాది. ఇప్పుడు నాను మాట మారుత్తానా?” అంది. తరవాత నా వైపు తిరిగింది. “దాని గొంతు ఇన్న రోజే తెలిసిపోనాది తమ్మీ. నోరు రానేదు.”

పెట్ట కాలి దారం విప్పింది. బంగారి కాలు లావు, ముల్లొకటి, దారం చాలలేదు. కొంగు చివర చింపి, పసుపులో ముంచి కట్టింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది ఎప్పటిలాగే కొంగులో తల దూర్చింది. గుడి దాకా తనే చంకనెత్తుకుని వెళ్ళి, పూజారి చేతికిచ్చి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. దారంతా నేను వెనకే నడిచాను.

మర్నాడు తెల్లారకముందే బావ బోటు కదిలింది. గంగాలమ్మ హార్బర్ నుంచి వచ్చి, గడపలో కూర్చుని, చేపముక్కలు ఒలిచి చెయ్యి చాపింది. పెట్ట గోడ వార నిలబడి చూస్తోంది. ఆమె చెయ్యి కదిపితే రెండడుగులు వెనక్కేసింది. అది పుట్టాక ఆమె దగ్గర విన్నది అదిలింపు ఒక్కటే మరి.

“రా” అంది. అది రాలేదు.

గంగాలమ్మకు అప్పుడొచ్చింది ఏడుపు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, నన్ను అడిగింది.

“దీన్ని ఏటని పిలవాల తమ్మీ? పేరే ఎట్టనేదు నాను.”