టేపాయన పెళ్లాం

పాత క్వార్టర్ పైకప్పు పెచ్చులూడి పడుతోందని, ఇక అందులో ఎవరూ ఉండకూడదని తేల్చాక మాకు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనే మరో క్వార్టర్ ఇచ్చారు. ఆ ఇల్లు ఒక గొందిలో ఉంది. తాతల కాలంలో ఆ గొంది వెడల్పుగానే ఉండేదట. ఒకరు వంటగది, ఇంకొకరు స్నానాల గది, మరొకరు మేకల పాక ముందుకు జరుపుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఎదురుగా సైకిలు వస్తే మనం ఎవరి గుమ్మంలోకైనా ఎక్కి నిలబడాలి.

మా ఆయన క్వార్టర్ల మరమ్మతులు చూసే ఆఫీసులో మేస్త్రీ. ఇల్లు మారడానికి ముందు రోజు డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే ఆ గొందికి వెళ్లి టేపుతో మలుపు కొలిచి వచ్చారు. మా ఇనప బీరువా తిరుగుతుందో తిరగదోనని ఆయన బెంగ. “ఏటవుతాదో సూడాల” అన్నారు తప్ప పట్టుతుందనీ చెప్పలేదు, పట్టదనీ చెప్పలేదు.

మర్నాడు సామాను ఎక్కించిన వ్యాన్ రిక్షా గొంది మొదట్లోనే ఆగిపోయింది. అక్కడి నుంచి సామానంతా నెత్తిన మోసుకెళ్లాం. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ల వీధిలోకి కొత్త మనిషి బిందె పట్టుకుని వస్తే చాలు, ఏ ఊరు, ఎవరి తాలూకు, వర్క్‌షాపులో ఏ షాపు అని అడగనివాళ్లు ఉండరు. ఇక్కడ ఒక్కరూ అడగలేదు. గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్లు మమ్మల్ని చూడగానే లేచి లోపలికి వెళ్లారు. వెళ్లినవాళ్లు మళ్లీ కర్టెన్ పక్కకు తీసి చూస్తున్నారు. నా మెడ వెనక ఎవరో చెయ్యి పెట్టినట్టే ఉంది.

బీరువా మలుపు దగ్గర చిక్కుకుంది. అక్కడ ఒక పెద్దావిడ ఇంటికి ఆనుకుని రేకుల గది ఉంది. ఆవిడ కొడుకు వర్క్‌షాపులో పని చేస్తాడు. క్వార్టర్ అతని పేరు మీదే ఉంది. ఆ గది మూల గొందిలోకి పొడుచుకొచ్చింది. వాళ్ల పెరట్లోంచి తీసుకెళ్తే సులువుగా అవతలికి చేరవచ్చు.

“పిన్నీ, ఒక్కసారి గేటు తీస్తే పట్టుకెళ్లిపోతాం” అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. మా ఆయన వైపే చూసింది. “కొలుసుకుని ఒచ్చినావు కదా నాయినా. కొలిసినట్టే పట్టుకెల్లు” అని గేటుకి గొళ్లెం పెట్టేసింది.

ఇంత పొగరేమిటో అనుకున్నాను. బీరువాని వెనక్కి మోయించి, వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన పందిట్లో టార్పాలిన్ కప్పి ఉంచాం. బట్టలు గోనెసంచుల్లోనే ఉండిపోయాయి.

ఆ రోజు నుంచి నాకు ప్రతిదీ అనుమానమే. కుళాయి దగ్గరికి వెళ్తే అక్కడున్న మాటలు ఆగిపోయేవి. శ్రావణ శుక్రవారం పేరంటానికి కుడివైపు ఇంటికీ, ఎడమవైపు ఇంటికీ బొట్టు పెట్టి పిలిచారు. మధ్యలో మా గుమ్మం దాటేసి వెళ్లారు. పెరట్లో కట్టిన దండెం తాడు ఒక ఉదయం తెగి, తడి బట్టలు బురదలో పడి ఉన్నాయి. తాడు పాతదే. అయినా తెగిన చివర పట్టుకుని చాలాసేపు చూశాను, కత్తి గాటేమోనని. ఎదురింటి మేడ మీద ఒక ముసలాయన రోజూ మా పెరటి వైపు తిరిగి పేపరు చదివేవాడు. ఈ క్వార్టర్ కోసం వీళ్లలో ఎవరో ఆశపడి ఉంటారు, మమ్మల్ని బెదరగొట్టి పంపాలని అందరూ కలిసి అనుకున్నారు అని నాకు నేనే తేల్చుకున్నాను. బాత్రూమ్‌కి కూడా తాళం వేసేదాన్ని.

“నీకు ఏదొకటి అనుమానం” అనేవారు మా ఆయన. ఆయనకి మాత్రం ఏ ఇబ్బందీ ఉన్నట్టు కనిపించేది కాదు.

విషయం చివరికి పక్కింటి బెంగాలీ ఆవిడ వల్ల తెలిసింది. తెలుగువాళ్ల మధ్య పెరిగింది కాబట్టి తన పద్ధతిలో తెలుగు మాట్లాడుతుంది; నన్ను బౌదీ అంటే వదిన అనీ, మా ఆయన్ని దాదా అంటే అన్న అనీ అంటుంది. ఒకరోజు కుళాయి దగ్గర మేమిద్దరమే ఉన్నాం. నా బిందె నిండేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

“బౌదీ, కోపం చేయకు. మీ దాదా టేపు పట్టుకుని వచ్చింది కదా. మా ఇల్లు కూడా రాసుకుందా?”

“ఏటి రాసుకోడం?”

“భాంగ్‌బే... పగలగొట్టేది. ఏ గోడ ముందుకు ఉంది, ఏ గది ఎక్కువ ఉంది. ఆఫీసు వాళ్లు చూడడానికే మీకు ఇక్కడ ఇల్లు ఇచ్చారు అని అందరూ అంటుంది.”

గొందిలో అందరూ నన్ను ‘టేపాయన పెళ్లాం’ అంటున్నారని కూడా ఆవిడే చెప్పింది. నేను వాళ్లని దొంగల్లా చూస్తున్నన్నాళ్లూ వాళ్లు మమ్మల్ని అంతకంటే అన్యాయంగా చూస్తున్నారు. బీరువా కోసం కొలిచారని చెప్పాను. ఆవిడ తల ఊపింది. నమ్మినట్టు లేదు.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. “ఓసారి ఇల్లిల్లూ ఎల్లి సెప్పండి, బీరువాకే కొలిసినానని.”

“సెప్తే నమ్మేస్తారేటి? ఒగ్గేయ్. ఆళ్లే మర్సిపోతారు.”

ఆయన వెళ్లలేదు. రెండు మాటలు చెబితే తీరిపోయే దానికి ఎందుకు వెళ్లరు? మొదటిసారి నా అనుమానం గుమ్మం లోపలికి వచ్చింది.

నేనే వెళ్లాను, ముందుగా మలుపు ఇంటికి. వెళ్లేసరికి అక్కడ దుమ్ము లేస్తోంది. పెద్దావిడ, కొడుకు కలిసి రేకుల గది విప్పేస్తున్నారు. అతను పైకెక్కి బోల్టులు తీస్తుంటే ఆవిడ కింద ఇటుకలు ఒక్కొక్కటీ గీకి, మట్టి దులిపి, గోడవార పేరుస్తోంది. ఆ గదిలోనే ఆవిడ వంట, పడక, దేవుడి పీట అన్నీ. పీట ఇప్పుడు తులసి కోట పక్కన ఎండలో ఉంది.

“ఎందుకు పిన్నీ తీసేస్తన్నారు?”

“ఎవులో ఒచ్చి గునపమెట్టి కూల్సితే రేకులు కూడా మిగలవు. మన సేత్తో తీసుకుంటే ఇటుకైనా దక్కుతాది.” ఆవిడ గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది.

నేను అక్కడే కూర్చుని మొత్తం చెప్పాను. పాత ఇంటి పెచ్చులు, బీరువా, టేపు, ఆయన బెంగ. ఆవిడ ఇటుక గీకడం ఆపి విన్నది.

“బీరువాకేనా?”

“బీరువాకే పిన్నీ. అమ్మోరి మీద ఒట్టు.”

“మరి దానికి మా గోడ ఎత్తు ఎందుకమ్మా? మలుపు కొలిసినాడు, బాగుంది. తర్వాత రేకు దాకా టేపు ఎత్తి సూసినాడు. ఈ కొన నుంచి ఆ కొన దాకా నడిసినాడు. నాను కిటికీలోంచి సూస్తనే ఉన్నాను.”

ఒట్టు పెట్టిన నోటితోనే ఇంటికి వచ్చాను.

అన్నం పెట్టి ఆయన్ని అడిగాను. “మలుపు తిరక్కపోతే గోడ మీంచి దాటించొచ్చని కొలిసినాను” అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. నిజంగా అలాగే దాటిస్తారు కూడా. కానీ కంచంలోంచి తల ఎత్తలేదు.

“ఆఫీసులో ఎవులికైనా సెప్పినారా?”

“నానేటి సెప్తాను? ఆ గొంది సంగతి ఆఫీసుకి తెల్దేటి?” మజ్జిగ పోయమన్నారు. పోశాను.

గది పోయాక మలుపు విశాలమైంది. తర్వాతి ఆదివారం బీరువా లోపలికి వచ్చింది. పెద్దావిడ కొడుకు పిలవకుండానే వచ్చి ఒక పక్క పట్టాడు. మా ఆయనా అతనూ ఎదురెదురుగా మోశారు; బీరువా దించగానే అతను వెళ్లిపోయాడు.

దసరా అయ్యాక ఎర్ర రంగు డబ్బాలతో రైల్వే మనుషులు వచ్చారు. మా గొందిలోనూ పక్క వీధుల్లోనూ ముందుకు జరిగిన గోడల మీద కూల్చడానికి గుర్తులు పెట్టారు. బెంగాలీ ఆవిడ స్నానాల గది మీద పెట్టారు, ఎదురింటి మెట్ల మీద పెట్టారు. మలుపు ఇంటి దగ్గర వాళ్లకి గుర్తు పెట్టడానికేమీ లేదు. ఆ రోజు మా ఆయన తన డ్యూటీ ఊరి అవతల ఇందా వైపు పడిందన్నారు. నేను అడగకుండానే చెప్పారు.

గోడలు ఇంతవరకూ కూలలేదు. రంగు వెలిసిపోతోంది. గొందిలో ఆడవాళ్లు ఇప్పుడు నన్ను పేరంటాలకి పిలుస్తున్నారు. అలా వెళ్లినప్పుడు ఒకరోజు పెద్దావిడే అంది, “మీ ఆయన ముందే తెలిసి నన్ను ఎచ్చరించినాడేమోలే. మేలే సేసినాడు.” అందులో దెప్పు ఉందో, దయ ఉందో ఎంత చూసినా నాకు తెలియలేదు. ఆయనకి ఆ మాట చెప్పలేదు.

మధ్యాహ్నాలు ఆవిడ మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటుంది. ఇద్దరం చింతపండు పిక్కలు తీస్తూ ఊళ్లో చుట్టాల సంగతులు చెప్పుకుంటాం. గొంది మొదట్లో మా ఆయన సైకిల్ గంట వినిపిస్తే ఆవిడ కొంగు దులుపుకుని లేచి వెళ్లిపోతుంది. నేను కూర్చోమనను.