మాది మూడో సంఘం, సారూ

మా పెద్దబిడ్డ సుజాత హెడ్‌మాస్టర్ అయింది!

నిన్న ఆర్డర్ చేతికి రాగానే లడ్డూ నోట్లో వేసుకుని మొదటి ఫోన్ ఖానాపూర్‌కు చేశాను. నాకు నాలుగో తరగతి చెప్పిన రాజలింగం సారుకు.

ఫోన్ సారు కొడుకు ఎత్తాడు.

"బాపు పొద్దుగాల్నే పోయిండు, కాకా."

లడ్డూ మింగలేకపోయాను. ఉమ్మలేకపోయాను.

నిన్నటి నుంచి మన ఊరి వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే మెసేజ్, "సారు శాంతమూర్తి, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అని.

ఒళ్ళు మండుతోంది నాకు.

శాంతం కాదయ్యా అది! ఆయన నోరు నొక్కేశారు. నేను చదివింది ఏడో తరగతే, తప్పులుంటే సర్దుకోండి. కానీ ఇది రాయకపోతే నాకు అన్నం దిగదు.

నిజాం రాజ్యం పోయి నాలుగేళ్ళు. జమ్మికుంట పక్కన మా ఊరి బడికి సారు కొత్తగా వచ్చారు. నూనూగు మీసాల మనిషి.

రాగానే మమ్మల్ని నలుగురేసి కూర్చోబెట్టారు. నలుగురికీ ఒక్కటే పలక. నలుగురూ ఒప్పుకుంటేనే దాని మీద రాయాలి. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో చెప్పాలి.

ఆ నలుగురికి సారు పెట్టిన పేరు "సంఘం".

ఒకరోజు అడిగారు: "ఒక బండి నిండ పత్తి, ఇంకో బండి నిండ జొన్నలు. ఏ బండి ముందుగాల జమ్మికుంట చేరుతదిరా?"

పత్తి బండే అని ముగ్గురం ఒప్పుకున్నాం. నేను బలపం తీశాను. మా మేనత్త బిడ్డ లచ్చవ్వ పలక లాక్కుంది.

"నడిమిట్ల వాన పడితే?"

"నీ తలకాయ! వాన సంగతి సారు చెప్పిండా?"

"చెప్పకుంటే పడదా? తడిసిన పత్తి నువ్వు మోస్తవా?"

సారు పడీపడీ నవ్వారు. "గిది ఏ పుస్తకంల లేదు బిడ్డా! నాకు సుత తట్టలే!" అని క్లాసందరితో ఆమెకు చప్పట్లు కొట్టించారు.

సరిగ్గా అప్పుడే బడుల ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. "ఏం లొల్లి ఇది?" అన్నాడు.

నేను గొప్పగా లేచి నిలబడ్డాను.

"మాది మూడో సంఘం సార్! మా సంఘం ఇంకా ఒప్పుకోలే!"

ఆ రోజుల్లో సంఘమంటే కమ్యూనిస్టులే అని, ఆ మాట వినబడితే పోలీసులు ఇళ్ళు సోదా చేసేవాళ్ళు. పదేళ్ళవాడిని, నాకేం తెలుసు? ఇన్‌స్పెక్టర్ మొహం నల్లబడింది.

"బళ్ళె సంఘాలు పెట్టిస్తున్నవా?"

"పిల్లల జట్లు సార్..." అని సారు చెబుతూనే ఉన్నారు. విన్నాడా?

వారం తిరగలేదు, సారును గోదావరి అవతల ఖానాపూర్‌కు తోలేశారు. ఇంకోసారి పిల్లల్ని గుంపు చేస్తే నౌకరి ఉండదని కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు.

తర్వాత వచ్చినాయన చేతులు కట్టించి ఎక్కాలు చదివించాడు. లచ్చవ్వ మళ్ళీ "అట్ల కాకుంటే?" అని అడిగింది. బెత్తం విరిగింది. మరునాటి నుంచి బడికి రాలేదు, ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టింది. ఈ రోజుకూ నాకు ఆ కోపం చల్లారలేదు. ఎంత బుర్రను పాడుచేశారు!

పెద్దయ్యాక ఖానాపూర్ వెళ్ళి సారు కాళ్ళు పట్టుకున్నాను. నా నోటి వల్లే కదా సార్ అని ఏడ్చాను.

"తప్పు నీ నోటిది కాదుర. వాని చెవులది."

నిన్న సుజాత నా కళ్ళు తుడిచి అంది: "ఏడువకు బాపు. నా బళ్ళె నలుగురికి ఒక్కటే పలక. పేరు సుత సంఘమే. ఎవడొస్తడో రానీ."

ఈ మాట వినకుండానే పోయారు సారూ. ఇక మిమ్మల్ని ఎవరూ బదిలీ చేయలేరు. నిమ్మళంగా ఉండండి.

ఈ రెండు కబుర్లూ చెప్పాల్సినవాళ్ళు: చెన్నూరులో మా చెల్లె కమల. మంచిర్యాల బావ, ఆయనకు ఫోన్ చదవరాదు, ఎవరైనా గట్టిగా చదివి వినిపించండి. మా చిన్నోడి అత్తగారు. జమ్మికుంటలో లచ్చవ్వ.

లచ్చవ్వకు ఇప్పుడు చెవులు వినపడవు. ఒక పలక కొనుక్కుని వెళ్ళండి. రాసి చూపించండి.