దగ్గు లేదని బుకాయించిన కన్ను

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పది అంటే మీరు రెండుగా లెక్కేసుకోవాలి. మా చేలో మిరపకాయ మూరెడు కాస్తుందని నలుగురిలో చెప్పి, నిలబడి వాదించినవాణ్ణి.

కిందటేడు ఆఖరి తీత అయిపోయిన పత్తి చేలో కట్టె పీకుతుంటే పుల్లొకటి ఎగిరొచ్చి నా కుడికంట్లో దిగింది. పుల్లంటే పుల్ల కాదు, గునపం. నేను పెట్టిన కేకకు సత్తెనపల్లి సెంటర్లో బస్సులు ఆగిపోయాయి. గుంటూరు ఆసుపత్రిలో చూసి, నల్లగుడ్డు చిరిగింది, పూర్తి మత్తిచ్చి కుట్టాలన్నారు.

మత్తు డాక్టరమ్మ నా మంచం దగ్గరికి వచ్చారు. మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది.

"మత్తుకు ముందు నొప్పి తెలియకుండా ఒక మందు ఇస్తానండి. అది నరంలోకి ఎక్కగానే కొందరికి పొడిదగ్గు తన్నుకొస్తుంది. వేరేవాళ్లయితే దగ్గితే దగ్గారని ఊరుకుంటాం. మీరు గట్టిగా దగ్గితే ఆ చిరుగులోంచి కంటి లోపలిదంతా బయటికొస్తుంది. ఈమధ్య దగ్గేమైనా ఉందా?"

మా ఊళ్లో మిరప కల్లంలో దగ్గడమంటే పరువు తక్కువ. దగ్గినవాణ్ణి "ఏరా, కొత్తల్లుడా!" అని ఏడాది పొడుగునా ఏడిపిస్తారు.

"దగ్గా! నాకా! మిరపకాయల గుట్ట మీద గుర్రుపెట్టే వంశమండీ మాది. మా తాత ముక్కుపొడుం బదులు కారం పీల్చేవాడు."

"మందుకు మీ వంశం సంగతి తెలియదు కదండీ," అని నవ్వి, కాగితం మీద దగ్గు లేదని రాసుకుని వెళ్లబోయారు.

అప్పుడు నా అంతరాత్మ దిగ్గున లేచింది. వెనక్కి పిలిచి నిజం చెప్పేశాను.

"డాక్టరు గారూ, వారం నుంచీ ఒకటే దగ్గు. కల్లంలో మిరపకాయలు బస్తాల్లోకి తొక్కిన రోజు పట్టుకుంది. ఆ చప్పుడుకి పక్కింటి గేదె పాలు చేపడం మానేసింది."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అంటూ ఆమె నా గుండెల మీద గొట్టం పెట్టి చూశారు. "సరే, దగ్గు అణిచే సూది ముందు వేస్తాను. అసలు మందు పలచన చేసి, నిదానంగా ఎక్కిస్తాను."

ఆపరేషన్ బల్ల మీద మొదటి సూదికే నాలుక మీద ఇనుప రుచి, చెవుల్లో జిన్నింగ్ మిల్లు మోత. తరువాత అసలు మందు. ఎంత నిదానమంటే, ఆలోపు మిరప నారు పోసి, నాటి, కోసి, ఎండబెట్టి, కోల్డ్ స్టోరేజీకి తోలొచ్చు. గొంతులో చీమ పాకినట్టయింది. నా కన్ను మొత్తం ఆ చీమ చేతిలో ఉంది. అది కాస్త ఆగింది, ఆలోచించుకుంది, వెనక్కి మళ్లింది. ఆ తరువాత నాకేమీ తెలియదు.

కట్టు విప్పిన రోజు మా ఆవిడ చెయ్యి చూపించి, "ఏమండీ, ఎన్ని వేళ్లు?" అంది.

"పన్నెండు."

డాక్టర్లు కంగారుపడ్డారు. మా ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకుంది. "భయం లేదండీ, చూపొచ్చేసింది. ఈయనకు మూడు కనిపిస్తేనే పన్నెండంటారు."

గేదె సంగతి నిజం. చీమా నిజమే. ఇందులో నేను పూర్తిగా అల్లింది ఒక్కటే. డాక్టరమ్మను వెనక్కి పిలిచి నిజం చెప్పింది నేను కాదు, మా ఆవిడ. ఆవిడ చెబుతున్నంతసేపూ నేను "లేదు, లేదు" అని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను.