కుంపటి మీద కొనికాల్సైట్

ఒక్క రాతి పెచ్చుతో మిరప నాట్లు ఆపించి, మంచినీళ్ల బాయిని పాషాణపు గుంతగా ప్రకటించి, ఒక పెద్దమనిషిని జనగామ నుంచి రైల్లో నిలబెట్టి రప్పించిన మనిషి మీకెవరైనా తెలుసా? తెలియకపోతే పరిచయం చేసుకోండి. నేనే. అయితే ముందే చెప్తున్నాను, ఆ ఘోరంలో తప్పు నా ఒక్కడిదే కాదు. చాలామందిది. నా వాటా కొద్దిగా ఎక్కువ, అంతే.

అప్పుడే భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించి, కేసముద్రం దగ్గర మా ఊళ్లో కూర్చుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. ఆ చదువుకు మా ఊరు ఇచ్చిన గౌరవం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "బోరు ఏడ ఎయ్యాల్నో చెప్తవా బిడ్డా?" అని అడిగేవాళ్లు. అది నా పని కాదంటే, "మరి ఏం చదివినవ్?" అనేవాళ్లు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే ఆయనకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చేవాళ్లు. నాకు నిలబడి మాట్లాడే హక్కు మాత్రం ఉండేది.

ఆ మంట మీద ఉండగానే, భూపాలపల్లిలో ఉన్న మా అక్క ఇంటికి బయల్దేరుతూ బాపు, అంటే మా నాన్న, నాకు మొట్టమొదటిసారి వ్యవసాయం అప్పగించాడు.

"రేపు పొద్దుగాల కూలోళ్లు వస్తరు. నారు పీకి తడి గోనె కప్పి పెట్టినం. నాటిపిచ్చుడే నీ పని. ఒక్క పూట ఆగినా నారు వాడిపోతది. జర చూస్కో."

"నేను ఎమ్మెస్సీ చదివిన బాపూ."

"గందుకే చెప్తున్న."

పొద్దున్నే ఆడవాళ్ల గుంపు వచ్చింది. గుంపుకు పెద్ద సమ్మక్క. నారు మీద బాయి నీళ్లు చల్లి సాళ్లలోకి దిగారు. నాకు చూడ్డం తప్ప పని లేదు. చూస్తూ చూస్తూ బాయి దగ్గరికి పోయాను. అక్కడ బండ మీద కనబడింది, పచ్చగా, పొక్కులు పొక్కులుగా కట్టిన పెచ్చు.

మోకాళ్ల మీద వంగి దగ్గరగా చూశాను. కొనికాల్సైట్! రాగి, సున్నం, పాషాణం అనే ఆర్సెనిక్ కలిసి పుట్టే అరుదైన ఆర్సెనేట్. రాగి ఖనిజం ఉన్నచోట పైపొరల్లో గాలికీ నీటికీ మారిపోయి, గడ్డిపచ్చ రంగులో రాయి మీద పెచ్చు కడుతుంది. దాన్ని పుస్తకంలో బొమ్మగా చూసి మురిసిపోవడమే తప్ప మా సార్లు కూడా చేత్తో పట్టుకున్నట్టు చెప్పలేదు.

నిజమే, ఈ పచ్చలో కొంత నీలం ఉంది. ఎండకు రంగు మారి ఉంటుందనుకున్నాను. కత్తితో గీకితే లేవాల్సింది గోటికే పొడిపొడిగా రాలింది. వానకు నాని ఉంటుందనుకున్నాను. కొత్త ఫోను కొన్నవాడు దాని మీద గీతను కూడా డిజైన్ అనుకుంటాడే, అలాగన్నమాట.

మిగిలింది ఒక్కటే పరీక్ష. పాషాణం ఉన్న ఖనిజాన్ని బొగ్గుల మీద కాలిస్తే వెల్లుల్లి వాసన వస్తుంది. ఇది నా కల్పన కాదు, ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఉంటుంది. పెచ్చును జేబు రుమాలులో పసిపాపలా చుట్టుకుని ఇంటికి పరుగెత్తాను. మక్కకంకులు కాల్చే కుంపటి వంటింటి కిటికీ కింద ఉంటుంది. బొగ్గులు రాజేసి పెచ్చులో ఒక ముక్క పెట్టాను. కిటికీలోంచి మా అవ్వ, అంటే మా అమ్మ, తల బయటికి పెట్టింది.

"ఏందిరా అది?"

"ఖనిజం అవ్వా. ఆర్సెనేట్."

"తింటరా?"

"తింటే చస్తరు."

"మరి నా కుంపట్ల ఎందుకు పెట్టినవ్రా!"

శాస్త్రం తెలియజెప్పడం నా బాధ్యత అనిపించింది. "ఫాస్ఫేట్లు, ఆర్సెనేట్లు, వెనడేట్లు అని ఉంటయి అవ్వా. మూడింటినీ ఒక్క తరగతిల పెడ్తరు. ఒక్క ఇంటోళ్ల లెక్క. కట్టడం ఒక్కతీరే, నడుమ కూసునే మూలకమే వేరు."

"ఇంట్ల పెద్దోడెవడు?"

"ఫాస్ఫేటనుకో."

"మనం చేన్ల ఏసే డీఏపీల ఉండేదా?"

"ఆఁ, అదే."

"పెద్దోడు మంచోడే పాపం. తమ్ముడే గిట్లయిండు," అని తల లోపలికి తీసుకుని పుంటికూర పప్పుకు, అదే గోంగూర పప్పుకు, పోపు పెట్టడానికి పోయింది. నేను ఏళ్ల తరబడి చదివిన వర్గీకరణను ఆవాలు చిటపటమనేలోపు ముగించింది.

సరిగ్గా అప్పుడే గుప్పుమంది వాసన. వెల్లుల్లి! స్వచ్ఛమైన, ఘాటైన, సందేహానికి తావులేని వెల్లుల్లి!

ఇక్కడ మీలో కొందరు ఏదో అనబోతున్నారు. దయచేసి అనకండి. అవసరమైనప్పుడు అనడానికి ఒక్కరూ లేరు.

ముక్కుకు తువ్వాల కట్టుకుని చేనుకు లగెత్తేసరికి సమ్మక్క బాయి దగ్గర చెంబెత్తి తాగబోతోంది. ఎగిరి చెంబు లాగేశాను.

"ఏమైంది బిడ్డా? దయ్యం పట్టిందా?"

"తాగకు అత్తా! బాయి పక్క బండకు పాషాణం ఉంది. నీళ్లల్ల దిగుంటది!"

"పాషాణమా? ఎవలు చెప్పిండ్రు?"

"నేనే పరీక్ష చేసిన. ఎమ్మెస్సీ."

జీవితంలో మొదటిసారి నా చదువును ఊరు నమ్మింది. ఆ దరిద్రపు ముహూర్తం చూడండి!

"అయ్యో, పొద్దున నేను తాగిన!" అందొకామె. "నాకు అప్పటిసంది కడుపుల తిప్పుతనే ఉంది," అందింకొకామె. ఆమె అసలు తాగనేలేదు.

"నారు మీద గూడ గవే నీళ్లు చల్లినం," అంది సమ్మక్క, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "మాకు పిల్లలున్నరు బిడ్డా. మేం పోతున్నం."

"మరి నారు?"

"నారుకు ఇసం తాపినంక ఇంక నారేంది?"

చేను ఖాళీ అయింది. తలలు వాల్చడం మొదలుపెట్టిన మిరప నారు, నేను మిగిలాం. బాయి నీళ్లు ముట్టొద్దని చెప్పింది నేనే కనక, వాడకట్టు నల్లా నుంచి అవ్వా నేనూ బిందెలతో మోసి గోనెలు తడిపాం. బిందె దించిన ప్రతిసారీ అవ్వ నావైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

జనగామలో ఉండే నరహరి సారుకు ఫోన్ చేశాను. మాకు ఖనిజశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. "కదలకు. వస్తున్న," అన్నారు. కూర్చునే చోటు దొరకని రైల్లో సాయంత్రానికి దిగారు.

మిగిలిన పెచ్చులో ఇంకో ముక్క విరిచి కుంపటిలో పెట్టి, వంగి, ముక్కుతో గట్టిగా పీల్చారు. మళ్లీ పీల్చారు.

"ఏదయ్యా వెల్లుల్లి?"

"పొద్దున గుప్పుమన్నది సార్! నా మీద ఒట్టు!"

సారు తలెత్తి, నెత్తిమీదున్న కిటికీ వైపు చాలాసేపు చూశారు.

"అమ్మా, పొద్దున ఏం వండిండ్రు?"

"పుంటికూర పప్పు సారూ. జరంత ఉన్నది, పెట్టాల్నా?"

"పోపుల ఏమేసిండ్రు?"

అవ్వకు రోషం వచ్చింది. "ఎల్లిగడ్డ లేకుంట పుంటికూర పప్పేంది సారూ!"

అవ్వ ఎల్లిగడ్డా, నా పుస్తకంలో వెల్లుల్లీ ఒక్కటే. సారు చేతిలోని మడత భూతద్దాన్ని మెల్లగా మడిచి జేబులో వేసుకున్నారు. ఆ మడత చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది. సరిగ్గా అప్పుడే బాపు ఆటో దిగాడు. సంగతంతా విని, మిగతా పెచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదా? నారుకుళ్లు రాకుంట మైలుతుత్తం, సున్నం కలిపి కొడ్తం గదా. మిగిలింది ఏటేటా ఆ బండ మీదనే గుమ్మరిస్త. డ్రమ్ము గూడ ఆడనే కడుగుత."

మైలుతుత్తంలో రాగి. సున్నంలో సున్నం. అంటే ఆ ఖనిజంలో రెండు సరుకులు మా బాపు ఏళ్లుగా బండ మీద ఆరబోస్తూ వచ్చాడు. మూడోది మా అవ్వ నూనెలో వేయించి అందించింది. నేను పేరు పెట్టానంతే. ఉమ్మడి కుటుంబం చేసిన పనికి నన్నొక్కణ్ని నిలబెట్టి నవ్వడం ఏం న్యాయం?

"ముందుగాల చెప్పొద్దా బాపూ?"

"బండ గురించి నీకు నేను చెప్పాల్నా? నువ్వు సదివిందే బండలు గదరా!"

పోతూ పోతూ సారు ఒక్కమాటన్నారు: "ఏదేమైనా తుత్తం డ్రమ్ము తాగే బాయి పక్కన కడగొద్దు." నా గౌరవం అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. దాన్ని మాత్రం ఊళ్లో ఒక్కరూ గుర్తుపెట్టుకోలేదు.

తెల్లారి బాపు వెళ్లి బతిమాలితే ఆడవాళ్లొచ్చారు గానీ గట్టు దిగలేదు. సమ్మక్క బాయిలోంచి చేదిన నీళ్లు చెంబుతో నా చేతికిచ్చింది.

"ముందుగాల నువ్వు తాగు."

తాగాను. అందరూ చుట్టూ నిలబడి నా ముఖం చూశారు.

"ఏమన్న అయితున్నదా?" అని వెనకనుంచి ఎవరో.

"ఇంక కాలే. ఆగు," అంది సమ్మక్క. కాసేపాగి నా చేతికి నారు కట్ట అందించింది. "బతికినవ్ గదా, ఇగ వంగు. వాడిపోయిన కట్టలన్ని నీయే."

సగానికి కాస్త తక్కువ నారు చచ్చింది. మిగిలింది బతికింది. నా నడుము ఏ సగంలోకి వస్తుందో ఇప్పటికీ తేలలేదు.

కాబట్టి అగ్నిసాక్షిగా, అంటే ఆ కుంపటి సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. వంటింటికి కూతవేటు దూరంలో ఏ ఖనిజాన్నీ కాల్చను, కాలుస్తుంటే చూడను, కాల్చినవాడి పక్కన నిలబడను. నేను ఈ మాట మీదే ఉన్నాను. మా అవ్వే ఉండనివ్వడం లేదు. ఇప్పటికీ వేడి నూనెలో ఎల్లిగడ్డ వేసే ముందు, కిటికీలోంచి వాడకట్టంతా వినబడేలా కేకేస్తుంది:

"బాయి నీళ్లు తాగకుండ్రే, పోపు ఏస్తున్న!"