పార్క్ కొట్టిన మధ్యాహ్నాలు

పాత కంప్యూటరు మూత విప్పితే వచ్చే వాసన వేడెక్కిన దుమ్మూ, కాస్త కాలిన వైరూ కలిసిన వాసన. గోదావరిఖని పెట్టె అయితే దాని మీద ఇంకో పొర బొగ్గు నుసి కూడా. పోయిన ఆదివారం పాత సామాన్ల కొట్లో కొన్న అలాంటి పెట్టెనొకదాన్ని వరండాలో విప్పుకుని కూర్చున్నాను. "ఈ తుక్కంత ఇంట్లకెందుకు తెచ్చినవ్?" అని మా ఆయన గొణిగాడు. ఆయనకేం తెలుసు! మౌసూ బొమ్మలూ లేకుండా ప్రతి పనీ టైపు చేసి చెప్పుకునే పాత డాస్ పద్ధతిలోనే, ఇప్పటివాళ్లు సరదాకొద్దీ తయారుచేసి ఊరికే పంచుతున్న సిస్టమ్ ఒకటి అందులోకి ఎక్కించాను. ఒక డిస్కు పట్టలేదు, ఒక కీబోర్డు పలకలేదు, మూడో మెమొరీ ముక్క పెట్టాక నల్లటి తెర మీద చిన్న తెల్లగీత మిణుకుమిణుకుమంది. చప్పట్లు కొట్టాను. మరుక్షణం వేళ్లు వాటంతటవే 'పార్క్' అని టైపు చేశాయి. అలాంటి కమాండే లేదు పొమ్మంది మిషను.

లేకపోవడమేమిటి! దాని మీదే కదా నా చిన్నతనం సగం నడిచింది.

గోదావరిఖనిలో మా క్వార్టరు, నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గనికి దగ్గర. చలికాలం పొద్దున ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి ముట్టిస్తే ఆ పొగా మంచూ కలిసి ఎదురింటి జామచెట్టు కూడా కనిపించేది కాదు; ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగు తిరిగేవి, మా నానమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, గనిని నోరారా తిడుతూ వాటిని మళ్లీ ఉతికేది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగు చేసేవారు. ముందు సైరన్ కూసేది, అవ్వ గూట్లోని మామిడికాయ తొక్కు జాడీని దించి ఒళ్లో పెట్టుకునేది, తర్వాత ధడేల్మని నేల కదిలి గిన్నెలన్నీ గలగలలాడేవి. నేనైతే సైరన్ వినగానే మంచం కింద దూరేదాన్ని. ఒకసారి పైకప్పు పెచ్చు ఊడి నా కంచంలోనే పడింది, అప్పటినుంచి పట్టుకున్న భయం అది. సెలవు రోజుల్లో బ్లాస్టింగు అయ్యేదాకా ముద్ద దిగేది కాదు. వాడకట్టు పిల్లలు నాకు 'మంచంకింది సునీత' అని పేరు పెట్టారు. ఏడుపొచ్చేది.

అలాంటి ఇంట్లోకి, మేం బాపు అనే మా నాన్నకు తమ్ముడైన ప్రకాశం కాక ఒక కంప్యూటరు తెచ్చాడు. గనిలో డ్యూటీ చేసే కాకకు మిషన్లంటే పిచ్చి. ఏదో ఆఫీసువాళ్లు పాతదని వదిలించుకుంటే, దాన్ని చెద్దరులో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో దిగాడు. అవ్వ చేతులు కడుక్కుని వచ్చి పెట్టె మీద చెయ్యి ఉంచి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఆమేన్ అన్నాకే కాక స్విచ్చి వేశాడు.

అబ్బ, ఆ రోజులు! దేనికీ దేనితోనూ పడేది కాదు. కమాన్‌పూర్ నుంచి వచ్చిన ఫ్లాపీలో కారు ఆట పెడితే మెమొరీ చాలదనేది. చాలేట్టు చేస్తే, మా మిషను దానికి మరీ వేగమై కారు కనిపించకుండానే గోడకు గుద్దుకునేది. పాటల కోసం కాక తెచ్చిన సౌండు కార్డు పెట్టిన నాడు ప్రింటరు మూగబోయింది. రెండూ లోపల ఒకే నంబరు అడుగుతున్నాయట. "గనిల నెత్తికి పెట్టుకునే లాంపుల ఒక్క నంబరే ఇద్దరికి రాసిస్తే పంచాతి గాక ఏమైతది?" అని కాక కార్డు ఊడబీకి, నంబరు మారేట్టు దాని మీది చిన్న బిళ్లను పక్క పుల్లలకు తగిలించి మళ్లీ బిగించాడు. ఈసారి 'టంయ్' అంది. బాపు కూడా, తింటున్న సకినం చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

ఆ మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం సైరన్ కూసింది. నేను మంచం వైపు ఉరకబోతుంటే కాక రెక్క పట్టి ఆపాడు.

"సునీతా, ఇటు రాయే. దీంట్ల డిస్కు మీద సూది తిరుగుతుంటది. భూమి కదిలితే గీత పడ్తది, లోపలున్నదంత ఖతం. పార్క్ అని కొడితే సూది పక్కకు జరుగుతది. బ్లాస్టింగుకు ముంగట కొట్టుడు నీ డ్యూటీ."

నా డ్యూటీ! ఇంట్లో బాపుకుంది, కాకకుంది, ఇప్పుడు నాకూ ఉంది. ఇక చూడాలి నా హడావుడి. సైరన్ కూస్తే చాలు, ఎంగిలి చేత్తోనైనా సరే ఉరికొచ్చి ఆ కమాండు కొట్టి, సూది జరిగిందని తెర మీద అక్షరాలు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. ధడేల్మనేది. మిషను బతికి ఉండేది. నేను అవ్వ వైపు గర్వంగా చూసేదాన్ని. బళ్లో ఉన్న రోజున సైరన్ వినపడితే, ఇంట్లో ఎవరైనా కొట్టారో లేదోనని లెక్కల పీరియడంతా అదే ఫికర్.

ఆ ఏడు క్రిస్మస్‌కు మా చర్చిలో హార్మోనియం వాయించే ఆయనకు గోలేటికి బదిలీ అయింది. ఆడపిల్లల పాటకు సంగీతం ఎలా అని అందరూ తలపట్టుకుంటే మా కాక లేచి, "ఈసారి మిషినే వాయిస్తది" అనేశాడు. నోరు జారాక ఇంకేముంది! షిఫ్టు దిగి రావడం, స్నానం చేయడం, ఆ పాట రాగాన్ని ఒక్కొక్క స్వరంగా టైపు చేయడం. ఫ్లాపీలు చెమ్మకు పాడైపోవడంతో పాటంతా ఆ ఒక్క డిస్కులోనే ఉంది. అది పోతే కాక చర్చిలో తలెత్తుకోలేడని నాకు తెలుసు.

పండుగ ముందు రోజు కాక మిషను ఆన్‌లో ఉంచే డ్యూటీకి పోయాడు. నేనూ అవ్వా వెనక వాకిట్లో గరిజెలు చేస్తున్నాం. బెల్లం వాసన, నువ్వుల వాసన, నా చేతులకు మోచేతుల దాకా పిండి. ఉన్నట్టుండి సైరన్. రోజూ కూసే వేళకంటే ముందే! "ఉరుకు బిడ్డా, పాట!" అని అవ్వ కేక పెట్టింది. గరిజెల పళ్లెం దాటి, నిద్రపోతున్న బాపును దాటి, గడప తగిలి బొటనవేలు చితికినా ఆగకుండా పోయి కొట్టాను. తెర మీద అక్షరాలు రావడం, ఇల్లు ఊగడం ఒకేసారి. ఆ సాయంత్రం కాక వచ్చి పిండి అంటిన కీబోర్డు చూశాడు, పాట పెట్టాడు. మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా ఒక్కటి తప్పలేదు!

మర్నాడు చర్చిలో మిషను వాయిస్తే మేం పాడాం. ఎంత బాగా పాడామంటే పాస్టరయ్య ఇంకోసారి అన్నాడు. అయిపోయాక కాక నన్ను భుజాల మీదికెత్తుకుని అందరి ముందూ, "పాట కాపాడింది మా బిడ్డనే. సైరన్ కూస్తే మీరంత గోడలు పట్టుకుంటరు, ఇది ఎదురు ఉరుకుతది!" అన్నాడు. వాడకట్టు పిల్లల ముఖాలు చూడాలి అప్పుడు. ఆ రోజుతో నా పాత పేరు పోయింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, వాటి కింది నేలను కూడా ఓపెన్‌కాస్టు మింగేసింది. అవ్వ లేదు. నేనుండే మంచిర్యాలకు ఏ సైరనూ వినపడదు. కొత్తగా తెచ్చిన మిషను 'పార్క్' లేదు పొమ్మనేసరికి ఊరుకోబుద్ధికాక, ఈ పాత సిస్టమ్‌ల పిచ్చి ఉన్నవాళ్లు రాసుకునేవన్నీ వెతికి చదివాను. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కమాండు మా డిస్కుకంటే ముందు తరం డిస్కుల కోసమట. మా దానిలాంటి డిస్కు మీద అది చేసే పనేమీ లేదు. సూది జరిగిందని ఊరికే తెర మీద రాస్తుందంతే.

వెంటనే కాకకు ఫోన్ చేశాను. రిటైరై జైపూర్‌లో కూరగాయలు పండిస్తున్నాడు. "కాకా, మనమిద్దరం ఎంత పిచ్చోళ్లమే!" అని మొత్తం చెప్పాను.

కాక నవ్వాడు.

"నాకప్పుడే ఎర్కనే బిడ్డా. పెట్టె ఇచ్చినాయిన ఇచ్చిన్నాడే చెప్పిండు, దీనికి పార్క్ కొట్టుడు అక్కర్లేదని."

"మరి నాతోని అన్ని దినాలు ఎందుకు కొట్టించినవ్?"

"నువ్వు మంచం కింద దూరుడు బంద్ చేసినవ్ గదనే."