కార్బన్ కాగితం కింద నాలుగు పేర్లు

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. నలభై ఏళ్ల నా డైరీల్లో నమ్మలేని సంగతి ఇదొక్కటే.

తొంభైల మొదట్లో దోహాలో టైపిస్టుగా పనిచేశాను. శుక్రవారం సెలవు. ఆ పూట అల్ సద్ పేటలో ఒక ముసలి ఇంగ్లీషు దొర ఇంటికి వెళ్ళేవాణ్ణి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఒక లైట్ క్రూయిజర్ యుద్ధనౌక మీద ఆఫీసరు. ఆ ఓడ యుద్ధచరిత్ర ఆయన చెబుతుంటే నేను టైపు చేయాలి.

ఆయన వంటమనిషి అప్పారావుది భీమిలి. గోడ మీది ఓడ ఫోటో కింద పేరు నాతో చదివించుకుని కూలబడ్డాడు. వాళ్ళ నాన్న బట్టలుతికే పనికి ఎక్కింది ఆ ఓడే. తిరిగి రాలేదు. పోయాడని కాగితమూ రాలేదు. తల్లి ఇంకా బొట్టు తీయలేదు.

"గురువుగారూ, దొరనడగండి. ఏ రోజు పోనాడో తెలిస్తే తద్దినమైనా పెట్టుకుంటాను."

అడిగాను. దొర రొట్టెకి వెన్న రాసుకుంటూ నవ్వాడు. "బట్టలుతికేవాళ్ళని కూడా చరిత్రలోకి ఎక్కిస్తారా?"

ఆరోజు చెప్పిన అధ్యాయంలో ఓడకి టార్పెడో తగిలింది. నీళ్ళు ఎక్కుతున్న అడుగు గది తలుపు మూయించి ఓడని కాపాడారు. ప్రాణనష్టం లేదు. అలాగే టైపు చేశాను.

కాగితం తీసి కార్బన్ కాపీతో సరిచూశాను. అసలులో లేని వాక్యం కాపీలో ఉంది. తలుపు మూసేటప్పటికి లోపల నలుగురు ఉన్నారట. నాలుగు పేర్లు, తేదీ. అప్పారావు తండ్రి పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఆ ఇంటిపేరు అప్పటికి నాకు తెలియదు.

అప్పారావు చేపల మార్కెట్‌కి వెళ్ళి ఉన్నాడు. అతనికి ఇంగ్లీషు రాదు. కొత్త కార్బన్ పెట్టి మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే వాక్యం.

మూడోసారి దొర పక్కనే నిలబడి చూశాడు. కాపీ చదివాడు. ఈ పేర్లు ఎక్కడివని అడగలేదు.

"చాలాసేపు తలుపు బాదారు" అన్నాడు.

తర్వాత మూతి తుడుచుకుని, "ఇంకోసారి కొట్టు. ఈసారి కార్బన్ పెట్టకు" అన్నాడు.

అంత అసహ్యం నాకు ఎవరి మీదా, ఎన్నడూ కలగలేదు.

ఒక కాపీ మడిచి జేబులో పెట్టుకుని, అప్పారావు వచ్చాక చదివి వినిపించి ఇచ్చాను. ఇంటిపేరు విని, అవునన్నాడు. పంచాంగంలో తిథి చూసి చెప్పాను. ఆ ఏడు తండ్రికి మొదటిసారి తద్దినం పెట్టాడు.

పై కాగితం మీద పడని అక్షరాలు కిందికి ఎలా దిగాయో ఈనాటికీ చెప్పలేను. కార్బన్ లేకుండా నాలుగోసారి టైపు చేసి దొర చేతికిచ్చింది మాత్రం నేనే.