నిమ్మతొక్కల నీళ్లు

మా బాత్రూమంత శుభ్రమైనది సూరత్ మొత్తంలో లేదని చెప్పుకునేవాణ్ణి. మేముండే నవాగామ్‌లో పక్కింటి బాత్రూము కూడా నేను చూసి ఎరగను, అది వేరే సంగతి.

ఖటోదరాలో నలభై ఏళ్లు మరమగ్గాలు నడిపాను. అద్దకం కార్ఖానా నుంచి తెచ్చిన యాసిడ్ సీసా ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండేది. ఆదివారం అది పోస్తే పొగలు లేచేవి. కళ్లు మండితేనే శుభ్రమైనట్టని నా సిద్ధాంతం. నేను పోసి బయటికొచ్చేవాణ్ణి, రుద్దేది మా ఆవిడ.

మా గల్లీలో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆవిడే. ఆమె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. పోయిన ఏడాది పండుగకు ఇంకా నాలుగు నెలలుందనగా పక్కింటి కోడలు నన్ను గుమ్మంలోనే నిలేసింది.

"తాతా, అవ్వ గంతగనం దగ్గుతుంటే నీకు ఇనవడ్తలేదా?"

నిజంగానే వినబడలేదు. మగ్గాల రొద నా చెవుల్ని ఎప్పుడో తినేసింది; పక్కనే ఉండి గట్టిగా అంటేనే అందుతుంది. ఆవిడా చెప్పలేదు.

డాక్టరు మన తెలుగు కుర్రాడే. యాసిడ్ మానకపోతే దగ్గు తగ్గదన్నాడు. తిరిగి వస్తుంటే ఆవిడ, "ఈసారి పాట వేరేటోళ్లు ఎత్తుకుంటరు తియ్" అంది, నా వైపు చూడకుండా.

సీసా మూత బిగించి ఆరోజే కార్ఖానాలో తిరిగి ఇచ్చేశాను. పర్వత్ పాటియాలో నిమ్మసోడా బండివాడి దగ్గర బస్తాడు తొక్కలు తెచ్చాను. బస్తా కాదు, చేతిసంచి. పక్కింటి కోడలు చెప్పినట్టు బెల్లం, నీళ్లు కలిపి ప్లాస్టిక్ డబ్బాలో పోశాను. మూడు నెలలు మాగితే యాసిడ్ బదులు ఆ నీళ్లతోనే కడగొచ్చట.

"రోజూ మూత జర తిప్పు తాతా. సుయ్యిమని గ్యాస్ పోతది."

రెండు రోజులు తిప్పాను. సుయ్యి లేదు, గియ్యి లేదు. ఇందులో ఏమీ పుట్టడం లేదని తేల్చి, మూత గట్టిగా బిగించి వదిలేశాను. వారానికి డబ్బా పేలింది. ఆ చప్పుడు పర్వత్ పాటియా దాకా వినబడిందని అందరికీ చెప్పాను. నాకు మాత్రం తొక్కలు నెత్తిన పడ్డాకే తెలిసింది.

"సుయ్యిమన్నది నాకు ఇనవడ్తనే ఉన్నది" అంది ఆవిడ, పడీపడీ నవ్వి, ఆపైన దగ్గి. "నీకూ ఇనవడ్తున్నదనుకున్న."

రెండో డబ్బా మూత ఆవిడే తిప్పింది. అది మాగేదాకా వంటసోడాతో నేనే రుద్దాను, రోజూ. రోజూ కాదు, రోజు విడిచి రోజు. మరక అంత తేలిగ్గా వదలలేదు. భుజం పట్టేసింది కానీ కళ్లు మండలేదు. దగ్గు మెల్లగా తగ్గింది. మూడు నెలలకు ఆ నీళ్లు పోస్తే బాత్రూములో పుల్లటి నిమ్మవాసన వచ్చింది.

బతుకమ్మ నాడు పాట ఆవిడే ఎత్తుకుంది. నేను మగవాళ్ల మధ్య వెనకాల నిలబడి చూశాను. ఇంటికి వస్తూ అడిగింది.

"ఎట్ల పాడిన?"

"మస్తు పాడినవ్."

"ఇనవడ్డదా?"

"ప్రతి ముక్క."

ఒక్క ముక్కా వినబడలేదు. ఆడవాళ్ల చప్పట్లు ఎక్కడా ఆగకపోవడం చూసి, పాటా ఆగలేదని తెలుసుకున్నాను. చివరికి ఆ మాటే ఆవిడకు చెప్పేశాను.

ఆవిడ గల్లీ మధ్యలో ఆగి, నా చెవి దగ్గర నోరు పెట్టి, మొదటి చరణం మళ్లీ ఎత్తుకుంది. కిటికీల్లోంచి జనం తొంగిచూశారు. అది మాత్రం వినబడింది.